తెలిసిన వార్తలో తెలియని మాట: పోటీ పరీక్షలకు ఇంగ్లీషు పేపరు ఎలా చదవాలి

"ఆర్నెల్లుగా రోజూ ఇంగ్లీషు పేపరు చదువుతున్నాం. పరీక్షలో ఒకాబులరీ ప్రశ్న కనబడితే మాత్రం చెయ్యి ఆడట్లేదు." రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం ఎక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్లను కదిపినా ఇదే మాట. దాని వెనకే ఇంకోటి: "ఎడిటోరియల్ ఎంత చదివినా తలకెక్కట్లేదు, ఏం చేయమంటారు?"

రెండింటికీ కారణం ఒకటే. తెలియని విషయాన్ని తెలియని మాటల్లో చదువుతున్నారు. రెండు బరువులు ఒకేసారి ఎత్తితే ఏదీ లేవదు. విషయం ముందే తెలిసుంటే మాట దానంతటదే చిక్కుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎలా పెరుగుతుందో, ధాన్యం కాటా దగ్గర తేమ శాతం గొడవ ఎలా ఉంటుందో, వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ధర ఎలా జారిపోతుందో డెల్టాలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి నెలంతా ఆ వార్తలే ఇంగ్లీషులో చదవండి. ఎడిటోరియల్ తర్వాత.

ముందు నోటిఫికేషన్ చూసుకోండి

మీరు రాసే పరీక్షలో ఇంగ్లీషు ఎంత ఉందో చూసుకోకుండా రోజుకు గంట పెట్టకండి. ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్) సీజీఎల్ టైర్-1లో, అంటే మొదటి దశలో, ఇంగ్లీషు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. టైర్-2లో 45 ప్రశ్నలు, 135 మార్కులు. అక్కడ తప్పుకు ఒక మార్కు కోత. బ్యాంకు ఆఫీసర్ల పరీక్ష ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు 30 ప్రశ్నలకు 20 నిమిషాలే ఇస్తారు. అక్కడ మాట తెలియడమే కాదు, వెంటనే తట్టాలి. ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు అర్హత కోసమే, కానీ అక్కడ రాయాలి, టిక్కు పెడితే సరిపోదు. గ్రూప్-2కూ రైల్వే ఎన్టీపీసీకీ మాత్రమే చదువుతున్నవాళ్లకు ఈ పని అక్కర్లేదు. వాటిలో విడిగా ఇంగ్లీషు విభాగం లేదు. ఆ గంట లెక్కలకు పెట్టండి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఎస్సెస్సీలో అడిగే ఇడియమ్స్, 'వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్' పేపరు చదివితే వచ్చేవి కావు. తపాలా బిళ్లలు సేకరించేవాణ్ణి ఏమంటారో పేపర్లో ఏడాదికి ఒకసారి కూడా కనబడకపోవచ్చు. వాటికి పాత ప్రశ్నపత్రాలే దిక్కు. క్లోజ్ టెస్ట్ (పేరాలో వదిలిన ఖాళీలకు సరైన మాట ఎంచుకోవడం), విడి వాక్యాల్లో ఖాళీలు, కాంప్రహెన్షన్, వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నలు, పర్యాయపదాలు: వీటికి పేపరును మించినది లేదు.

కావలసినవి

- ఆంధ్రప్రదేశ్ వార్తల పేజీ ఉన్న ఇంగ్లీషు పేపరు ఏదైనా ఒకటి. ది హిందూ, ది న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రెండిటిలోనూ ఉంటుంది. రెండూ వద్దు, ఒకటి చాలు.
- ఇంట్లో వచ్చే తెలుగు పేపరు.
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను.
- ఫోన్లో ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు. విదేశీ విద్యార్థుల కోసం తయారైన 'లెర్నర్స్ డిక్షనరీ' అయితే మంచిది. అర్థం తేలిక మాటల్లో ఉంటుంది, ఉదాహరణ వాక్యాలూ ఎక్కువ.
- రోజుకు గంట. ఆదివారం గంటన్నర.

పేపరు వేయించుకోవడం భారమైతే మాటలు నేర్చుకోవడానికి ఇవాళ్టి పేపరే కావాలనేం లేదు. కరెంట్ అఫైర్స్‌కు తాజా పేపరు కావాలి గానీ ఒకాబులరీకి పోయిన నెలదైనా ఒకటే. పాత పేపర్లు తూకానికి కొనే కొట్లో ఇంగ్లీషువి ఏరుకోండి. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, మిగతా ఊళ్లలో శాఖా గ్రంథాలయాలు ఉండనే ఉన్నాయి. లైబ్రరీ పేపరు మీద మాత్రం గీతలు గీయకండి. మాటలు చిన్న కాగితం మీద ఎక్కించుకోండి.

1. అదే వార్త ముందు తెలుగులో

తెలుగు పేపర్లో ఒక వార్త చదవండి, ఐదు నిమిషాలు చాలు. తర్వాత అదే సంగతి ఇంగ్లీషు పేపర్లో వెతకండి. ఆగస్టులో అయితే వరద వార్త ఎలాగూ ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ లెక్క మీకు తెలుసు కాబట్టి ఇంగ్లీషు వార్తలో అంకె కనబడగానే పక్కనున్న మాట సగం అర్థమైపోతుంది. హెచ్చరిక 'ఇష్యూ' చేస్తారు, వరద తగ్గాక 'విత్‌డ్రా' చేస్తారు. ఉపసంహరించారని తెలుగు పేపరు రాసేది ఇదే.

ఇలా ఒక్క వరద వార్తలోనే పది మాటలు దొరుకుతాయి. ముంపునకు గురవడం 'ఇనండేట్', గట్టుకు గండి పడటం 'బ్రీచ్', వరద తగ్గుముఖం పట్టడం 'రిసీడ్', ఊరు జలదిగ్బంధంలో చిక్కడం 'మరూన్‌డ్', జనాన్ని ఖాళీ చేయించడం 'ఇవాక్యుయేట్', పల్లపు ప్రాంతాలు 'లో-లయింగ్ ఏరియాస్', ఎగువ 'అప్‌స్ట్రీమ్', దిగువ 'డౌన్‌స్ట్రీమ్', రాబోయే దానికి కాచుకుని ఉండటం 'బ్రేస్ ఫర్'. నది పోటెత్తి ఉంటే 'ఇన్ స్పేట్'. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. వారం తిరక్కుండా ఇంకో పేజీలో 'ఎ స్పేట్ ఆఫ్ థెఫ్ట్స్' అని కనబడుతుంది. అక్కడ నీళ్లు లేవు. దొంగతనాలు ఒకదాని మీద ఒకటి వరద కట్టినట్టు జరిగాయని. మొదటి అర్థం గోదావరి లంకల్లో చూసినది కాబట్టి రెండోది బట్టీ పట్టాల్సిన పని లేదు.

దాళ్వా (రబీ వరి) కోతల కాలంలో ధాన్యం వార్తలు పట్టుకోండి. కొనుగోలు 'ప్రొక్యూర్‌మెంట్', తేమ శాతం 'మాయిశ్చర్ కంటెంట్' (17 శాతం దాటకూడదన్న నిబంధన వార్తలో ఉండనే ఉంటుంది), గిట్టుబాటు ధర 'రెమ్యూనరేటివ్ ప్రైస్', బకాయిలు 'ఎరియర్స్', దళారులు 'మిడిల్‌మెన్', తడిసిన ధాన్యం 'రెయిన్-సోక్‌డ్ ప్యాడీ'. గాలివానకు చేను పడిపోతే ఆ పడిపోవడాన్ని 'లాడ్జింగ్' అంటారు. లాడ్జి అంటే మనకు బస్టాండు పక్కన గది. అదే మాట 'లాడ్జ్ ఎ కంప్లెయింట్'లో ఫిర్యాదు దాఖలు చేయడం, తూటా ఎముకలో ఇరుక్కుంటే అక్కడా 'లాడ్జ్'.

2. వంద మాటల పరీక్ష

వార్త ఎంచుకోగానే మొదటి వంద మాటలు లెక్కపెట్టండి. అందులో తెలియనివి రెండు నుంచి ఐదు ఉంటే ఆ వార్త మీకు సరైనది. ఒకటీ లేకపోతే దానివల్ల లాభం లేదు, ఇంకోటి చూడండి. ఎనిమిది దాటితే వదిలేయండి, పట్టుదలకు పోకండి. అన్ని మాటలు తెలియనప్పుడు సందర్భం చూసి ఊహించడం కుదరదు, ప్రతి మాటకూ నిఘంటువు తిప్పాలి, పావుగంటలో విసుగొస్తుంది. చాలామంది మూడో వారంలో మానేసేది ఇక్కడే.

3. నిఘంటువు ముట్టుకోకుండా ఒకసారి

300 నుంచి 400 మాటల వార్త. గడియారం చూసుకుని నాలుగైదు నిమిషాల్లో ఆసాంతం చదవండి. తెలియని మాట కింద పెన్సిలుతో గీత గీసి ముందుకు వెళ్లండి. రెండోసారి చదివేటప్పుడు గీత గీసిన ప్రతి మాటకూ మీ ఊహ తెలుగులో మార్జిన్‌లో రాయండి. తప్పయినా రాయండి. ఊహించి, తర్వాత నిఘంటువులో సరిచూసుకున్న మాట మనసులో నిలుస్తుంది. ఊహించకుండా నేరుగా చూసింది సాయంత్రానికి పోతుంది. పరీక్ష హాల్లో నిఘంటువు ఉండదు కాబట్టి ఈ ఊహించే అలవాటే అక్కడ మార్కులు తెచ్చేది.

నిఘంటువులో చూసిన అర్థాన్ని మాత్రం పేపర్లో ఆ మాట మీదే రాసేయకండి. రెండోసారి చూసినప్పుడు కన్ను తెలుగు మీదకే పోతుంది, ఇంగ్లీషు మాట కనబడదు.

4. ఎనిమిది మాత్రమే తీసుకోండి

ఎన్ని గీతలు గీసినా నోట్‌బుక్కులోకి రోజుకు ఎనిమిదే వెళ్లాలి. వారానికి ఆరు రోజులు, 48 మాటలు. 25 వారాలకు 1,200. తక్కువనిపిస్తుంది గానీ అడిగితే చెప్పగలిగే 1,200 మాటలు, చూసి వదిలేసిన ఐదు వేల మాటల కంటే ఎక్కువ మార్కులు తెస్తాయి.

ఏవి వదలాలి? లక్ష, కోటి, క్యూసెక్కు, టీఎంసీ, ఆయకట్టు లాంటివి మన పేపర్లలో రోజూ కనబడతాయి గానీ పర్యాయపదాల ప్రశ్నలో రావు. చేప పేర్లు, మందుల పేర్లు, కోర్టు లాటిన్ మాటలు వదిలేయండి. ఏవి తీసుకోవాలి? రెండు వేర్వేరు వార్తల్లో కనబడ్డది ముందు. తర్వాత క్రియలు. తర్వాత గుణం చెప్పే విశేషణాలు. నామవాచకాలు చివర. క్రియ ఒకటి పట్టుకుంటే దాని వెనక నామవాచకం, విశేషణం నడిచి వస్తాయి.

హెడ్‌లైన్ మాటలు వేరే జాతి. 'నాడ్' అంటే అనుమతి, 'రో' అంటే వివాదం, 'ప్రోబ్' అంటే దర్యాప్తు, 'మల్' అంటే ఆలోచనలో ఉండటం, 'స్లామ్' అంటే మండిపడటం, 'కర్బ్' అంటే అదుపు చేయడం. చోటు చాలక వాడే పొట్టి మాటలివి. ఇలాంటివి ఓ నలభై ఉంటాయి, నోట్‌బుక్కు చివరి పేజీలో జాబితా వేసుకుంటే చాలు. మెయిన్స్ వ్యాసంలో మాత్రం 'నాడ్', 'స్లామ్' రాయకండి, చవకగా కనబడుతుంది. హెడ్‌లైన్ వ్యాకరణాన్నీ అనుకరించకండి. జరిగిపోయినదాన్ని వర్తమానంలో రాయడం, 'ఈజ్', 'ఆర్' ఎగరగొట్టడం అక్కడే చెల్లుతుంది.

5. మాటను ఒంటరిగా రాయొద్దు

ఈ పద్ధతికి ప్రాణం ఈ అడుగే. ఎక్కువమంది తప్పేదీ ఇక్కడే. 'బ్రీచ్ అంటే గండి' అని రాసి మూసేస్తే ఆ మాట పరీక్షలో పనికిరాదు. పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ వైపు మాటను దాని ముందు వెనక మాటలతో కలిపి నాలుగైదు మాటల ముక్కగా రాయండి. కుడి వైపు తెలుగు. 'బ్రీచ్' పేజీ మూడు నెలల తర్వాత ఇలా ఉండాలి:

- 'ఎ బ్రీచ్ ఇన్ ద కెనాల్ బండ్': కాలువ గట్టుకు గండి
- 'బ్రీచ్ ద డేంజర్ మార్క్': ప్రమాద స్థాయిని దాటడం
- 'బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్': ఒప్పందాన్ని ఉల్లంఘించడం
- 'బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్': నమ్మకద్రోహం
- 'ఎ డేటా బ్రీచ్': సమాచారం బయటకు పొక్కడం

ఐదింటిలోనూ ఉన్నది ఒకటే, ఆగాల్సింది ఆగకపోవడం. గట్టు, గీత, మాట, నమ్మకం, తాళం. అది మీకు కనబడ్డ రోజున ఆరో వాడుక ఎదురైనా తడుముకోరు. 'డిశ్చార్జ్' కూడా ఇలాంటిదే. బ్యారేజీ 175 గేట్లు ఎత్తి నీళ్లు వదలడం, ఆసుపత్రి నుంచి పంపడం, బాధ్యత నిర్వర్తించడం, అప్పు తీర్చడం, నిందితుణ్ణి కోర్టు కేసు నుంచి తప్పించడం. అన్నీ విడిచిపెట్టడమే.

మాట వెనకున్న చిన్న మాటను ఎర్ర పెన్నుతో రాయండి. తప్పు పట్టే ప్రశ్నల్లో సగం బతుకు ఈ చిన్న మాటల మీదే. నేరం మోపే మాటలు చూడండి: 'ఎక్యూజ్' తర్వాత 'ఆఫ్', 'చార్జ్' తర్వాత 'విత్', 'బ్లేమ్' తర్వాత 'ఫర్'. తెలుగులో మూడింటికీ 'ఆరోపించారు', 'నిందించారు' అని సరిపెడతాం కాబట్టి మనకు తేడా తెలియదు. 'డిమాండ్' క్రియ అయితే దాని వెనక 'ఫర్' రాదు, నామవాచకం అయితే వస్తుంది. 'స్ట్రెస్' కూడా అంతే, క్రియ అయితే 'ఆన్' అక్కర్లేదు. 'డిస్కస్' వెనక 'ఎబౌట్' ఎప్పుడూ రాదు.

మాటను తెలుగు లిపిలో రాసుకోవద్దు. ఇక్కడ అచ్చు సౌకర్యం కోసం తెలుగు లిపిలో ఇస్తున్నాం గానీ మీ నోట్‌బుక్కులో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలి. ఎందుకంటే, మన లిపిలో 'సీజ్' అని ఒకే తీరున రాసేసే మాటలు మూడున్నాయి. 'ఎస్, ఈ, ఐ, జడ్, ఈ' అయితే స్వాధీనం చేసుకోవడం, ఇసుక లారీని పట్టుకున్నారన్న వార్తలోది. 'ఎస్, ఐ, ఈ, జీ, ఈ' అయితే ముట్టడి. 'సీ, ఈ, ఏ, ఎస్, ఈ' అయితే ఆగిపోవడం. దాన్ని నిజానికి 'సీస్' అనాలి. 'లూజ్' కూడా అంతే: ఒక 'ఓ' ఉంటే పోగొట్టుకోవడం, రెండుంటే వదులు. 'రెయిన్' అంటే వాన, పాలన, కళ్లెం. 'రెయిన్ ఇన్ ప్రైసెస్' అన్నప్పుడు ధరలకు వేసేది కళ్లెం. స్పెల్లింగ్ ప్రశ్నల్లో ఈ జతలే ఎర.

6. సొంత వాక్యం, మీ ఊరి మీద

ప్రతి మాటకూ ఒక వాక్యం రాయండి. మీ వీధి, మీ చెరువు, మీ కాలేజీ గురించి. నిఘంటువులోని వాక్యం ఎక్కించుకుంటే లెక్కలోకి రాదు. రాశాక సరిచూసుకోవడం ఎలా? మీరు కలిపిన రెండు మూడు మాటల్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇంటర్నెట్‌లో వెతకండి. పేరున్న పేపర్లలో అదే కలయిక పదిచోట్ల కనబడితే సరే. ఎక్కడా కనబడకపోతే మీరు తెలుగును ఇంగ్లీషులోకి మోసుకొచ్చారన్నమాట, కొట్టేసి మళ్లీ రాయండి.

పెరగడం, తగ్గడం చెప్పే మాటలకు ఈ అడుగు మరీ ముఖ్యం. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు వచ్చిన రొయ్యల వార్తలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, తీసి చూడండి. ధర తగ్గడానికి ఎన్ని మాటలో! 'డిప్' అంటే కాస్త తగ్గి మళ్లీ లేచేది. 'స్లిప్', 'స్లైడ్' అంటే మెల్లగా జారేది. 'స్లంప్' అంటే ఒక్కసారిగా పడి కొన్నాళ్లు లేవనిది. 'ప్లంజ్', 'ప్లమెట్' అంటే నిట్టనిలువునా పడేది. కిలోకు ఐదు రూపాయలు తగ్గితే 'డిప్', యాభై తగ్గితే 'ప్లంజ్'. క్లోజ్ టెస్టులో నాలుగు జవాబులకూ 'తగ్గడం' అనే అర్థమే ఉంటుంది, వాక్యంలోని అంకె ఏది సరైనదో చెబుతుంది. పెరగడానికీ ఇలాగే మెట్లు కట్టుకోండి: 'ఇంచ్ అప్', 'రైజ్', 'క్లైంబ్', 'సర్జ్', 'సోర్'.

7. తిరగేయడం: 1, 3, 7, 15, 30

ఇవాళ రాసిన పేజీ మూలన ఐదు తేదీలు వేయండి: రేపటిది, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు, ముప్పయ్యో రోజు. ఆ తేదీ వచ్చినప్పుడు పేజీ మడిచి, తెలుగు వైపు చూసి ఇంగ్లీషు ముక్క పైకి చెప్పాలి. ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడం తేలిక, అది పరీక్ష కాదు. చెప్పలేకపోతే పక్కన ఎర్ర చుక్క పెట్టి, ఆ మాటను రేపటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

బండి గాడిలో పడ్డాక రోజుకు నలభై మాటలు తిరగేయాల్సి వస్తుంది. పది పన్నెండు నిమిషాల పని. టైము లేని రోజున కొత్త మాటలు మానేయండి గానీ తిరగేయడం మానకండి. మొదటి ప్రశ్నకు, 'ఆర్నెల్లు చదివినా రావట్లేదు' అన్నదానికి, మిగతా సగం జవాబు ఇక్కడుంది. వాళ్లు చదివారు, రాశారు, వెనక్కి తిరిగి చూడలేదు. ఫోన్లో అంకీ లాంటి కార్డుల యాప్ వాడితే తేదీలు అదే చూసుకుంటుంది. కార్డులు మాత్రం మీరే తయారు చేసుకోండి.

8. ఆదివారం 20 మార్కుల పరీక్ష

వారంలో చదివిన వార్త ఒకటి తీసుకుని, నేర్చుకున్న మాటలున్న చోట తెల్ల కాగితం ముక్కలు అంటించి ఖాళీలు నింపండి, 8 మార్కులు. తెలుగు ముక్కకు ఇంగ్లీషు ముక్క, 5. వెనక వచ్చే చిన్న మాటలు, 4. స్పెల్లింగు, 3. స్పెల్లింగుకు ఇంట్లో ఎవరినైనా చదివి చెప్పమనండి, లేదా ఫోన్లో నిఘంటువు పలికే శబ్దం విని రాయండి.

16, ఆపైన వస్తే మామూలుగా సాగండి. 12 నుంచి 15 వస్తే వచ్చే వారం రోజుకు ఐదు మాటలే. 12 లోపు వస్తే వారం పాటు కొత్త మాట ఒక్కటీ వద్దు, ఎర్ర చుక్కలన్నీ దులపండి. నెలకోసారి మీ పరీక్ష పాత పేపరు ఒకటి టైము పెట్టుకుని రాసి, ఒకాబులరీ ప్రశ్నల మార్కులు విడిగా లెక్కేయండి. అసలు కొలత అదే. ఆదివారం మార్కులు పెరుగుతూ ఈ లెక్క కదలకపోతే, మీరు తీసుకుంటున్న మాటలు మీ పరీక్షకు సంబంధించినవి కావు. నాలుగో అడుగుకు వెళ్లి ఎంపిక మార్చుకోండి.

స్పెల్లింగులో డెల్టా వార్తల నుంచే ఒక కట్ట దొరుకుతుంది. వరద 'రిసీడ్' అవుతుంది. అదే కుటుంబంలో 'ప్రిసీడ్', 'కన్సీడ్', 'సెసీడ్' చివర 'సీ, ఈ, డీ, ఈ'. 'ఎక్సీడ్', 'ప్రొసీడ్', 'సక్సీడ్' ఈ మూడింటికే 'సీ, డబుల్ ఈ, డీ'. 'సూపర్‌సీడ్' ఒక్కదానికి 'ఎస్, ఈ, డీ, ఈ'. 'ప్రొసీజర్'లో రెండో 'ఈ' ఎగిరిపోతుంది. ఇంతే, ఇక దీని మీద మార్కు పోకూడదు.

ఎప్పుడు పై మెట్టు?

మొదటి మూడు నాలుగు వారాలు రాష్ట్ర వార్తలు. వంద మాటల్లో తెలియనివి ఒకటి రెండుకు తగ్గాక జాతీయ, వ్యాపార పేజీలు. బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లు వ్యాపార పేజీ మీద ఎక్కువ రోజులు ఉండాలి. మూడో నెలలో ఎడిటోరియల్, అదీ వారానికి రెండే.

ఎడిటోరియల్లో మాటల కంటే ముందు మలుపులు పట్టుకోండి. 'నాట్‌విత్‌స్టాండింగ్', 'ఆల్బీట్', 'నెవర్‌దిలెస్', 'వేర్‌యాజ్' కింద రెండు గీతలు గీయండి. వాదం అక్కడ తిరుగుతుంది. ప్రతి పేరాకు తెలుగులో ఒక వాక్యం సారాంశం రాయండి. రాయలేకపోతే ఆ పేరా అర్థం కాలేదని, ముందుకు వెళ్లొద్దు. రచయిత మెచ్చుకుంటున్నాడా, తప్పుపడుతున్నాడా చెప్పే మాటలు వేరే పేజీలో వేయండి: 'లాడబుల్' మెచ్చుకోలు, 'మయోపిక్' ముందుచూపు లేనిది, 'బిలేటెడ్' ఆలస్యంగా చేసింది, 'స్కేథింగ్' ఘాటైన విమర్శ. కాంప్రహెన్షన్‌లో రచయిత ధోరణి అడిగే ప్రశ్నకు ఈ పేజీ చాలు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

తెలిసిన మాటే కదా అని దాటేయడం అన్నిటికంటే పెద్దది. నిధులు 'శాంక్షన్' అయ్యాయని మనం రోజూ అంటాం. అంతర్జాతీయ పేజీలో ఒక దేశం మీద 'శాంక్షన్స్' అంటే ఆంక్షలు, పూర్తిగా ఎదురు అర్థం. 'ఓవర్‌సైట్' అంటే పర్యవేక్షణ, అదే మాటకు చూసీచూడక జరిగిన పొరపాటు అనీ అర్థం ఉంది. 'అడ్రస్' సమస్యను పట్టించుకోవడం, 'అప్రీషియేట్' రూపాయి విలువ పెరగడం, 'చెక్' అడ్డుకోవడం, 'ఛాంపియన్' ఒక వాదాన్ని తలకెత్తుకోవడం. తెలిసిన మాట వాక్యంలో సరిగ్గా అతకనట్టు అనిపిస్తే అక్కడ ఆగి నిఘంటువు తీయండి.

గ్రూపుల్లో తిరిగే 'ఇవాళ్టి పేపర్ ఒకాబులరీ' పీడీఎఫ్‌లు ఇంకో ఉచ్చు. ఎవరో చదివి, ఎవరో ఏరి ఇచ్చిన మాటకు సందర్భం ఉండదు, ఊహించే శ్రమ ఉండదు. దాచుకున్న ఫైళ్లు పెరుగుతాయి గానీ మాటలు పెరగవు. సరిచూసుకోవడానికి వాడండి, చదవడానికి బదులుగా వద్దు.

మూడోది, ఒక మాటకు పది పర్యాయపదాలు రాసుకోవడం. రెండు రాసి, రెండింటికీ తేడా ఒక్క ముక్కలో రాయండి. తేడా తెలియని పర్యాయపదం క్లోజ్ టెస్టులో తప్పు జవాబుకే దారి చూపిస్తుంది.

పేపరు దొరకని ఊళ్లో ఉంటే

ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వెబ్‌సైటులో కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు ఉచితం. చాలావాటికి తెలుగు పాఠం కూడా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మొదటి అడుగు ఇంట్లో కూర్చునే అయిపోతుంది. భాష కాస్త పొడిగా ఉంటుంది, అందుకని వారంలో రెండు రోజులకు మించకుండా చూసుకోండి. ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు వింటే ఉచ్చారణ కుదురుతుంది. చెరువు గట్టు మీదో, బస్సులోనో ఉన్నప్పుడు అదే మేలు.

పరీక్షకు పదిహేను రోజుల ముందు

కొత్త మాటలు ఆపేయండి. పేపరు కరెంట్ అఫైర్స్‌కు మాత్రమే చూడండి. ఎర్ర చుక్కలు రెండు, అంతకు మించి పడ్డ మాటలన్నీ ఏరి ఒక పేజీ మీదకు ఎక్కించండి. 150 దాటకూడదు. దాటితే ఒకే చుక్కతో తప్పిపోయి ఎక్కినవి ఉన్నాయేమో చూసి కొట్టేయండి. ఆ పేజీ ఉదయం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, తెలుగు నుంచి ఇంగ్లీషుకు. పాత ప్రశ్నపత్రాల ఇడియమ్స్ జాబితా పక్కనే పెట్టుకోండి. పరీక్ష ముందు రోజు సాయంత్రం ఎర్ర పెన్నుతో రాసిన చిన్న మాటలు మాత్రం ఒకసారి చూసి నోట్‌బుక్కు మూసేయండి.